అన్నం ముట్టని సర్వేయరు

క్లోవిస్ లిరెట్ నలభై ఒక్క ఏళ్ళు టగ్గు పడవల మీద వంట చేశాడు. అన్నేళ్ళలో ఒక్కపూట కూడా గిన్నె మాడ్చలేదని బయూ సెరీజ్ అనే వాగుపాయ ఒడ్డు జనం చెప్పుకుంటారు. ఒకసారి మాడ్చాడని చెప్పే మనిషి ఒకడున్నాడు గానీ, అతను క్లోవిస్ భార్యకి అన్నగారు కనక ఆ సాక్ష్యం చెల్లదు. పడవ దిగి ఇంటిపట్టున ఉండిపోయాక క్లోవిస్‌కి ఈ లోకంలో మూడింటి మీద నమ్మకం మిగిలింది. తాతగారి ఇనప బాన, భార్య ఎర్లీన్ నాలుక, ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ. మొదటిది బరువు, రెండోది పదును. మూడోది ఎలాంటిదో అప్పటికి తెలియదు, ఎందుకంటే ఇరవై తొమ్మిదేళ్ళుగా దాన్ని వాడే అవసరం రాలేదు.

పాలసీ వంటింటి సొరుగులో, బిస్కెట్ల డబ్బాలో, పిల్లల బాప్తిస్మం కాగితాల కింద ఉండేది. దాని అట్ట మీద రెక్కలు చాపి పిల్లల్ని పొదువుకున్న కోడిపెట్ట బొమ్మ. అందుకే బయూ పొడుగునా దాన్ని కోడి కంపెనీ అనేవారు. ఏటా కట్టాల్సింది కట్టి, రసీదు డబ్బాలో పెట్టి, మూత నొక్కి, "కోడి ఉందిలే" అనేవాడు క్లోవిస్. కరువుకి దాచిన బావిలో చేద వెయ్యని రైతు ధీమా అది.

ఆ ఏడు ఆగస్టు చివర తుఫాను వచ్చింది. దానికో ఆడపిల్ల పేరు పెట్టారు. ఆ పేరు బయూలో ఆ తర్వాత ఏ పిల్లకీ పెట్టలేదు. అంతకు ముందు గడప దాకా వచ్చి వెనక్కి పోయిన వరదకి బుద్ధొచ్చి, క్లోవిస్ బ్యాంకులో అప్పు చేసి మరీ ఇంటిని పన్నెండడుగుల స్తంభాల మీదికి ఎత్తించాడు. నీళ్ళు కిందనుంచి వస్తాయన్నది అతని లెక్క. తుఫాను ఈసారి పైనుంచి వచ్చింది.

ఉత్తరాన ఎర్లీన్ చుట్టాలింట్లో తలదాచుకుని అయిదో రోజున తిరిగొచ్చేసరికి, కప్పులో దక్షిణం వైపు సగం లేదు. పడగ్గదిలో మంచం మీద లోకప్పు సున్నం, అటకలోంచి పడిన తడి దూది, ఒక బతికున్న పీత ఉన్నాయి. వంటింట్లో నిలబడితే ఆకాశం కనిపిస్తోంది. ఎర్లీన్ పైకి చూసి, "వెలుతురు బాగుంది" అంది. క్లోవిస్ మెట్ల మీద కూర్చుని కాసేపు బయూ నీళ్ళు చూశాడు. తర్వాత లేచి డబ్బా మూత తీశాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే పలికిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. "మీకు జరిగినదానికి మేమెంతో బాధపడుతున్నాం లిరెట్ గారూ. నష్టం చూడ్డానికి సర్వేయరు వస్తారు. అంతవరకూ ఏదీ ముట్టుకోకండి, ఫొటోలు తీసి ఉంచండి" అంది. అది శుక్రవారం. ఆదివారం ఉదయం పూజ అయిన వెంటనే చర్చి నుంచి ఇరవై ముగ్గురు మగవాళ్ళు నేరుగా నిచ్చెనలతో, సుత్తులతో వచ్చి క్లోవిస్ ఇంటి ముందు దిగారు.

అక్కడి వాడుక అది. వాళ్ళ ఫ్రెంచిలో "కూ ద మా" అంటారు, చేతిసాయం. పిలవక్కర్లేదు, వస్తారు. లెక్క రాయకూడదు, డబ్బు మాట ఎత్తకూడదు. ఇంటివాడు చెయ్యాల్సిందల్లా కడుపు నిండా పెట్టడం. ఊళ్ళో అందరి ఇళ్ళూ దెబ్బతిన్నా వయసులో పెద్దవాళ్ళ ఇల్లు ముందు కప్పుతారు. ఆ మర్యాద తనకి దక్కినందుకు క్లోవిస్‌కి కొంత గర్వం, తనకి అరవై ఏడు నిండాయని ఊరంతా తేల్చేసినందుకు కొంత నొప్పి.

"ముట్టుకోవద్దన్నారు బావా" అన్నాడు, అప్పటికే నిచ్చెన సగం ఎక్కిన విల్బర్ట్‌తో. విల్బర్ట్ షెసాన్ ఎర్లీన్ అన్న. మాడిన గిన్నె సాక్షి అతనే.

"ఎవరూ?"

"కంపెనీ వాళ్ళు."

"ఆ కంపెనీ ఎక్కడుంది?"

"ఇలినాయ్‌లో."

"మరి వాన ఎక్కడుంది?"

క్లోవిస్ గల్ఫ్ సముద్రం వైపు తిరిగి చూశాడు. అక్కడ మబ్బు నల్లగా లేస్తోంది. ఇక వాదించలేదు. వెళ్ళి బాన కింద మంట పెట్టాడు.

కొత్త చెక్క వంద మైళ్ళలో ఎక్కడా దొరకని రోజులవి. ఎవడికి కూలిపోయిన దాంట్లోంచి వాడు ఓ ముక్క తెచ్చాడు. విల్బర్ట్ తన తండ్రి పడవ పక్కపలక తెచ్చాడు. పడవ ముక్కలైపోయింది గానీ ఆ పలక మీద 'బెల్ నోలియా' అన్న పేరు ఇంకా ఎర్రగానే ఉంది. వెర్దాఁ పెద్దమ్మ కొట్టుమీది బోర్డు, 'తాజా రొయ్యలు, అరువు రేపు'. చర్చిలో విరిగిన బల్ల వీపు. పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసిన ఒక తలుపు. షెరీఫు పదవికి మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిన ఓ పెద్దమనిషి ఎన్నికల బోర్డు, నవ్వుతో సహా. ఇవన్నీ వాసాల మీద పడ్డాయి. పైన నల్ల కాగితం, దానిపైన ఊరంతా ఏరిన రంగురంగుల తారు పలకలు. చీకటి పడకముందే ఇంటికి మూత పడింది. కింద ఆడవాళ్ళు తడిసిన దూది, విరిగిన సున్నం ఎత్తి పారేసి, నేల కడిగి, పీతని బయూలో వదిలేశారు. ఈస్టరు ముందు రోజు చర్చి కూడా అంత శుభ్రంగా ఉండదు.

ఫొటోలు తీశారు. పదకొండు. క్లోవిస్ ఆ రోజు చేసిన గంబో పులుసు అంత బాగా కుదిరింది కనక, పదకొండూ బాన మీదికి వంగి తీసినవే. భావి చరిత్రకారులకు ఆ దినాన ఎన్ని రొయ్యలు పడ్డాయో తెలుస్తుంది. కప్పు ఉందో లేదో తెలియదు.

మొదటి సర్వేయరు పదిహేను రోజుల తర్వాత ఒహాయో నుంచి వచ్చాడు. ఎర్రటి మెడ, మంచి కుర్రాడు. క్లోవిస్ అతనికి మూడు గిన్నెలు వడ్డించి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, కప్పు చూపించి, బతుకులో చెయ్యకూడని పని ఒకటి చేశాడు. గొప్ప చెప్పుకున్నాడు.

"చూడు బాబూ, ఒక్కరోజులో వేశారు మావాళ్ళు! డబ్బిచ్చి వేయించినా ఇంత గట్టిగా రాదు. కొత్త కప్పు కూడా దీని ముందు బలాదూరే. కావాలంటే తట్టి చూడు."

కుర్రాడు తట్టలేదు. రాసుకున్నాడు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది: 'ఇంటి యజమాని స్వయంగా ధ్రువీకరించిన ప్రకారం కప్పు కొత్తదానికన్నా దృఢంగా ఉన్నందున, తుఫాను వల్ల కప్పుకి నష్టం జరిగినట్టు మా పరిశీలనలో కనబడనందున, చెల్లించవలసినది ఏమీ లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' పైన కోడి ఎప్పటిలాగే రెక్కలు చాపి ఉంది.

ఎర్లీన్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "నలభై ఒక్క ఏళ్ళు పడవ మీద నీ నోరు మూయించిన కెప్టెన్ ఎవరో గానీ, అతన్ని జీతమిచ్చి ఇంట్లో పెట్టుకోవాల్సింది" అంది.

నవంబరు వానలకి కప్పు అసలు సంగతి చెప్పింది. చేతిసాయం అంటే ప్రాణం నిలబెట్టే కట్టు. అది వైద్యం కాదు, కట్టిన వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అతుకు అతుకునా నీళ్ళు దిగాయి. వంటవాడి ఇల్లు కనక గిన్నెలకి లోటు లేదు. హాల్లో అయిదు, పడగ్గదిలో మూడు, బాన మాత్రం స్నానాలగదిలో. ఏ గిన్నె ఎంతసేపట్లో నిండుతుందో క్లోవిస్‌కి కంఠతా వచ్చేసింది. గోడల మూలల్లో బూజు నల్లగా పాకింది. ఎర్లీన్‌కి దగ్గు పట్టుకుంది. కప్పు గురించి ఆమె ఊళ్ళో ఎవరి దగ్గరా నోరెత్తలేదు. వేసినవాళ్ళు నొచ్చుకుంటారని.

క్లోవిస్ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. అవతల ముందు పాట వస్తుంది, తర్వాత 'మీ పిలుపు మాకు ముఖ్యం' అంటుంది, మళ్ళీ పాట. ఊరికే వినడం తిండి దండగ అనిపించి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి పొయ్యి దగ్గర నిలబడేవాడు. గంబోకి ముందు నూనెలో పిండి వేయించాలి. గరిటె ఆపకూడదు. అది ముందు ఇసక రంగుకొస్తుంది, తర్వాత వేరుశనగ రంగు, ఆ తర్వాత పాత రాగినాణెం రంగు. రాగినాణెం రంగుకి నలభై నిమిషాలు. కంపెనీలో మనిషి పలకడానికీ ఇంచుమించు అంతే. ఒకరోజు మాత్రం ఎవరో నలభై అయిదో నిమిషంలో పలికి, "మీ ఫైలు నంబరు చెప్పండి" అన్నారు. క్లోవిస్ పన్నెండంకెలూ పొల్లుపోకుండా చెప్పి వెనక్కి తిరిగేసరికి గిన్నెలోంచి పొగ. నలభై ఒక్క ఏళ్ళ కీర్తి ఆ పన్నెండంకెల్లో మాడిపోయింది. అవతలి మనిషి "ఈ ఫైలు నా దగ్గర లేదండీ, మార్చారు" అని, మళ్ళీ పాట పెట్టింది.

మాడిన గిన్నె కిటికీలోంచి విసిరేశాడు క్లోవిస్. విల్బర్ట్‌కి తెలియకూడదని ఎర్లీన్ చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఫైలు చేతులు మారినప్పుడల్లా కొత్త సర్వేయరు వచ్చేవాడు. రెండో ఆయన ఎగిరే కెమెరా తెచ్చి పెరట్లోంచే పైకి పంపి, అది గూడకొంగలని బెదరగొట్టి తిరిగొచ్చేలోపు రెండు గిన్నెలు తిన్నాడు. మూడో ఆయనకి రొయ్యలు పడవు, అందుకని కోడి వండారు. నాలుగో ఆయన అటక తలుపు దాకా వెళ్ళి, లోపల కందిరీగల చప్పుడు విని, 'అటక: బాగుంది' అని రాసుకుని, బంగాళాదుంపల పచ్చడి ఎలా చేశారని అడిగాడు. అయిదో ఆయన, ఆరో ఆయన ఒకే కారులో వచ్చారు. ఒకరిది గాలి నష్టం, ఇంకొకరిది నీటి నష్టం. గాలాయన ఇది నీటి పని అన్నాడు, నీటాయన గాలి పని అన్నాడు, ఇద్దరూ కలిసి ఒక బాన ఖాళీ చేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి లోకం తిడుతుంది. వీళ్ళు ఆరుగురూ తిన్నారు గానీ, వాసాలు లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు.

ఫిబ్రవరిలో ఒకే వారం రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటిది నష్టాలు తేల్చే శాఖది: కప్పు మంచి స్థితిలో ఉంది, కాబట్టి ఏమీ ఇవ్వం. రెండోది పాలసీలు పొడిగించే శాఖది: ఆకాశం నుంచి తీసిన చిత్రాల ప్రకారం మీ కప్పు శిథిలావస్థలో ఉంది, జూన్ ఒకటో తేదీలోగా కొత్తది వేయించకపోతే పాలసీ పొడిగించం.

క్లోవిస్ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండు కోళ్ళు. ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు.

"అయితే ఏంటీ?" అంది ఎర్లీన్.

"డబ్బివ్వడానికేమో కప్పు బాగుంది. పాలసీ ఇవ్వడానికేమో బాగోలేదు."

"పాలసీ పోతే?"

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇంటిని స్తంభాలెక్కించిన అప్పు ఇంకా తీరలేదు. పాలసీ లేని ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంచదు, మొత్తం ఒక్కసారి కట్టమంటుంది. కట్టలేకపోతే ఇల్లు తీసుకుంటుంది. కొత్త కప్పు సొంతంగా వేయిద్దామంటే డబ్బాలో ఉన్నవి బాప్తిస్మం కాగితాలు. జూన్ ఒకటికి ఇంక మూణ్ణెల్ల పైచిలుకు.

మొదటి ఉత్తరాన్ని రెండో శాఖకీ, రెండో ఉత్తరాన్ని మొదటి శాఖకీ పంపాడు. మీ సంస్థ రెండో చేతికి మొదటి చేతిని పరిచయం చెయ్యగోరుతున్నానని వినయంగా రాశాడు. రెండు శాఖలూ అతనికి విడివిడిగా కృతజ్ఞతలు చెప్పాయి.

అంతలో ఫోనులో ఒక మంచి మనిషి తగిలింది. పేరు ప్రిసిల్లా. ఆమె నిజంగానే ఫైలంతా చదివింది. "చూడండి లిరెట్ గారూ, కప్పు ఎగిరిపోయిందని నేను నమ్ముతున్నా. కానీ కాగితం నమ్మాలి కదా. మీకు పని చేసినవాళ్ళు ఎంతమంది?"

"ఇరవై ముగ్గురమ్మా."

"ఇరవై మూడు బిల్లులు తీసుకోండి. ఎన్ని గంటలు, గంటకెంత, చెక్కకెంత. సంతకాలు పెట్టించండి. చెక్కుచెదరని కప్పుకి ఇరవై మూడు బిల్లులు ఎవరూ పుట్టించరు. నేను పై వాళ్ళ చేత ఒప్పిస్తా."

అబద్ధం ఆడమనలేదు, దొంగతనం చెయ్యమనలేదు. ఆరు నెలల్లో కంపెనీ నుంచి వచ్చిన మొదటి మంచిమాట అది. క్లోవిస్ ఒక తెల్లకాగితాల బొత్తి కొనుక్కుని ముందుగా విల్బర్ట్ ఇంటికి వెళ్ళాడు. విల్బర్ట్ వాకిట్లో వల అల్లుతున్నాడు. విషయమంతా విన్నాడు. వల పక్కన పెట్టలేదు.

"అంటే నాకు కూలి ఇస్తావన్నమాట."

"నేనివ్వను బావా. కంపెనీ ఇస్తుంది. నువ్వు కాగితం రాస్తే చాలు."

"రాసిన డబ్బు నాకొస్తుందా?"

"నాకొస్తుంది. కప్పుకి."

"బాగుంది. నేను కూలీననీ, కూలి నువ్వు ఎగ్గొట్టావనీ సంతకం పెట్టాలి."

"అది కాదు బావా..."

"ఇటియ్యి కాగితం."

విల్బర్ట్ మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. మడిచి ఇచ్చి మళ్ళీ వల అందుకున్నాడు. క్లోవిస్ దారిలో విప్పి చదివాడు.

'క్లోవిస్ లిరెట్ గారికి. కప్పెక్కినందుకు: ఏమీ లేదు. కప్పు మీంచి జారి మోకాలు కొట్టుకున్నందుకు: ఏమీ లేదు. మా నాన్న పడవ పలకకి: ఏమీ లేదు. గంబోలో ఉప్పెక్కువైనా మారు వడ్డించుకున్నందుకు: ఇరవై డాలర్లు. ఇట్లు, విల్బర్ట్ షెసాన్, కూలీ.'

ఉప్పు దగ్గర నవ్వొచ్చింది. చివరి మాట దగ్గర ఆగిపోయింది. దారిలోనే నిలబడి మళ్ళీ చదివాడు. తర్వాత మిగిలిన ఇరవై రెండు ఇళ్ళకీ వెళ్ళలేదు. తెల్లకాగితాల బొత్తిని డబ్బాలో, పాలసీ పైన పెట్టి మూత నొక్కేశాడు. ప్రిసిల్లాకి ఫోన్ చేసి బిల్లులు కుదరవని చెప్పాడు. ఎందుకని ఆమె అడిగితే, "మా ఊళ్ళో ఎవరికీ రాయడం రాదమ్మా" అన్నాడు. ఆమె, "అయితే ఇంకొక్క సర్వేయర్ని పంపిస్తా. అదే ఆఖరు" అంది.

విల్బర్ట్ ఆ ఆదివారం భోజనానికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ముప్పై ఏళ్ళలో అతను వరసగా రెండు ఆదివారాలు రాకపోవడం అదే మొదలు. ఎర్లీన్ అతని కుర్చీ ముందు కంచం పెడుతూనే ఉంది. "మా అన్న అలిగాడు, కంచం అలగలేదుగా" అంది.

ఏడో సర్వేయరు మే నెల రెండో వారంలో, పొద్దున్నే ఏడింటికి వచ్చింది. లూయెల్లా ఫ్రీసన్, నెబ్రాస్కా నుంచి. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మగవాళ్ళ బూట్లు, కారు మీద సొంత నిచ్చెన. క్లోవిస్ బల్ల సిద్ధం చేసి ఉంచాడు. అన్నం, రొయ్యల పులుసు, వేడివేడి రొట్టె.

"కూర్చోండమ్మా. ముందు కాస్త ఎంగిలి పడండి."

"వద్దండీ."

"పోనీ కాఫీ?"

"నీళ్ళుంటే చాలు. అటక తలుపు ఎక్కడ?"

క్లోవిస్ చెయ్యి గరిటె మీదే ఉండిపోయింది. ఆరుగురు వచ్చారు, ఆరుగురూ తిన్నారు, తినీ ఏమీ ఇవ్వలేదు. ఈవిడ తినడానికే ఒప్పుకోవడం లేదంటే ఇంటిమీద జప్తు కాగితం ముందే రాసుకొచ్చి ఉంటుంది. బయూ మీద వడ్డించింది వద్దనేది ఇద్దరే, పగవాడూ చచ్చినవాడూ. ఎర్లీన్ వైపు చూశాడు. ఎర్లీన్ బట్టల గది తలుపు తెరిచి పైనున్న అటక తలుపు చూపించింది.

"కందిరీగలున్నాయి" అన్నాడు క్లోవిస్, నిజాయితీగా.

"ఉంటాయి" అంది లూయెల్లా. జేబులోంచి చేతిదీపం తీసి, మోకాళ్ళు మూలుగుతుండగా ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి పోయింది.

పది నిమిషాలు. అరగంట. పైన పాకుతున్న చప్పుడు, మధ్యలో ఒక చిన్న తిట్టు, కందిరీగల రొద. ముప్పావుగంటకి పైనుంచి గొంతు వినిపించింది.

"లిరెట్ గారూ! బెల్ నోలియా ఎవరు?"

క్లోవిస్ బట్టల గదిలో నిలబడి తల పైకెత్తాడు. "మా బావ వాళ్ళ నాన్న పడవండీ."

"పడవ ఇక్కడేం చేస్తోంది?"

"అది... పక్కపలక. కప్పుకి చెక్క దొరక్క తెచ్చాడు."

"మరి ఈ తలుపు? 'రీటా, ఏడేళ్ళు' అనుంది."

"ఓగెరాఁ వాళ్ళ ఇల్లు పడిపోయింది. వాళ్ళది."

"అరువు రేపు అంటున్నది?"

"వెర్దాఁ పెద్దమ్మ కొట్టు."

"ఒకాయన నన్ను చూసి నవ్వుతున్నాడు."

"ఆయన మూడుసార్లు ఓడిపోయాడండీ" అన్నాడు క్లోవిస్. ఆ వివరం దేనికి పనికొస్తుందో అతనికే తెలియలేదు.

ఇంకో అరగంట. ఒక్కో చెక్కకీ అది ఎవరిదో, వాళ్ళకేం కూలిందో, ఎవరు తెచ్చారో ఆమె పైనుంచి అడగడం, అతను కిందనుంచి చెప్పడం. ఇరవై మూడు పేర్లూ అయ్యాయి. ఆమె దిగేసరికి జుట్టు నిండా బూజు, చెంప మీద కందిరీగ కుట్టిన బొబ్బ. వంటింటి కుర్చీలో కూలబడి నీళ్ళు తాగింది.

"కొత్త కప్పుకన్నా గట్టిదన్నారట మీరు."

"అన్నానండీ" అన్నాడు క్లోవిస్, తలవంచుకుని.

"దక్షిణం వైపు పాత వాసాలు మూడు తప్ప అన్నీ చిట్లాయి. గాలికి పైకి లేచి చిట్లిన పగులు వేరు, చూస్తే తెలుస్తుంది. ఇది కప్పు కాదు, కప్పు పోయిందని రాసిచ్చిన సాక్ష్యం. బాగున్న ఇంటిమీద పడవలూ తలుపులూ ఎవడు కొడతాడు?" చెంప తడుముకుంది. "మా చిన్నప్పుడు మా ధాన్యం కొట్టు కాలిపోతే ఊరంతా వచ్చి లేపారు. అందులో ఒక చెక్కకీ ఇంకో చెక్కకీ చుట్టరికం ఉండేది కాదు. వీళ్ళకి మీరు డబ్బేమన్నా ఇచ్చారా?"

"లేదండీ."

"ఇవ్వబోయారా?"

క్లోవిస్ రొట్టె మీద గుడ్డ సర్దాడు. "ఒకరికి."

"తీసుకోలేదు."

"ఇప్పుడు మాట్లాడ్డం లేదు."

లూయెల్లా తల ఊపింది. ఒళ్ళో చిన్న కంప్యూటరు పెట్టుకుని ఇరవై నిమిషాలు టకటకలాడించింది. మూత వేసి, బల్ల వైపు చూసింది.

"రిపోర్టు పంపకముందు ఇంట్లో ఏదీ తినకూడదని నా నియమం. పంపేశాను. ఆ పులుసు చల్లారిందా?"

చల్లారలేదు. రెండు గిన్నెలు తింది. ఉప్పు కాస్త ఎక్కువైందని కూడా చెప్పింది. తన పాపం పండి ఆ మాట ఇప్పుడు కంపెనీ ముద్రతో వచ్చిందనుకున్నాడు క్లోవిస్.

చెక్కు పదకొండో రోజున వచ్చింది. కంపెనీలో అంత తొందరగా ఏదైనా జరగ్గలదని తెలిసేసరికి, ఇంతకాలం జరగనిదానికి మరింత నీరసం వచ్చింది. అదివరకు కోపంగా ఉన్నా సత్తువ ఉండేది. ఇప్పుడు కోపగించుకోవడానికి కారణం పోయి, ఒళ్ళంతా ఇసక బస్తాలా అయిపోయింది. చెక్కు బల్ల మీద పెట్టి మధ్యాహ్నం నాలుగింటిదాకా పడుకున్నాడు. ప్రిసిల్లాకి ధన్యవాదాలు చెబుదామని ఫోన్ చేస్తే, ఆమె ఆ కంపెనీలో మానేసిందన్నారు.

హూమా పట్నం నుంచి వచ్చిన పనివాళ్ళు మూడురోజుల్లో పాతదంతా పీకి కొత్త కప్పు వేశారు. వాళ్ళు బిల్లిచ్చారు, ఎంతో చక్కటి బిల్లు. పీకిన చెక్కలు చెత్తబండిలో వెయ్యబోతే క్లోవిస్ అడ్డం నిలబడ్డాడు. మేకులు ఊడదీసి, ఒక్కొక్కటీ తుడిచి, ఇంటికింద స్తంభాలకి ఆనించి వరసగా పెట్టాడు.

మే ఆఖరి రోజున కొత్త పాలసీ వచ్చింది. ఇల్లు నిలబడింది. బ్యాంకు నోరు మూసుకుంది. కోడి అదే. కట్టాల్సింది మాత్రం సగానికి సగం పెరిగింది. లోపల ఆరో పేజీలో, కళ్ళజోడు పెట్టుకున్నా మరో కళ్ళజోడు కావాల్సినంత చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఇకమీదట పేరున్న తుఫాను ఏది వచ్చినా, నష్టంలో మొదటి పద్దెనిమిది వేల డాలర్లు ఇంటివాడిదే. ఆపైన మిగిలితే కోడిది.

"సంతకం పెట్టు" అంది ఎర్లీన్.

"చదివావా?"

"చదివాను. పెట్టు. ఇంకో కంపెనీకి వండిపెట్టే ఓపిక మనకి లేదు."

పెట్టాడు. పాలసీ డబ్బాలో పడేసి, కిందికి వెళ్ళి, బెల్ నోలియా పలక భుజానికెత్తుకుని విల్బర్ట్ ఇంటికి నడిచాడు. అరమైలు. తడి పీల్చిన సైప్రస్ చెక్క, శవంలా బరువు. విల్బర్ట్ వాకిట్లోనే ఉన్నాడు. అదే వల, లేదా అలాంటిదే ఇంకొకటి.

"ఏంటది?"

"నీ పలక. కొత్త కప్పేశారు. ఇక దీంతో పని లేదు."

విల్బర్ట్ పలక మీద తన తండ్రి పడవ పేరు చూశాడు. క్లోవిస్ భుజం చూశాడు. "మోసినందుకు బిల్లేస్తావా?"

"వేస్తా. దారిలో మోకాలు కూడా కొట్టుకుంది."

"ఎంత?"

"ఇరవై డాలర్లు. ఉప్పు కింద చెల్లు."

విల్బర్ట్ నవ్వలేదు గానీ, పక్కనున్న బల్ల మీంచి వల తీసి చోటిచ్చాడు. క్లోవిస్ కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ నీళ్ళు చూశారు. ఒక రొయ్యల పడవ పోయింది. చెయ్యెత్తారు.

"అయితే కోడి గుడ్డు పెట్టిందన్నమాట" అన్నాడు విల్బర్ట్.

"పెట్టింది. వచ్చేసారికి సగం గుడ్డే అంది. మొదటి పద్దెనిమిది వేలూ నావేనట."

"పద్దెనిమిది వేలే!" విల్బర్ట్ గాలి పీల్చాడు. పలక వంక మళ్ళీ చూశాడు, గల్ఫ్ వంక చూశాడు, ఏదో కొలుస్తున్నట్టు. "మరి బుద్ధుందా నీకు? దీన్ని నాకెందుకు తెచ్చావ్?"

"నీది కదా బావా."

"నాదే. తీసుకుపో. పొడిగా పెట్టు. మిగతావాళ్ళకి కూడా ఏవీ తిరిగివ్వకు, నీదగ్గరే ఉంచు." వల సర్దుకుంటూ లేచాడు. "ఆ కొసన నేను పడతా పద. ఎలాగూ ఎర్లీన్ కంచం పెట్టే ఉంటుంది."

రేపు జూన్ ఒకటి, తుఫానుల కాలం మొదలయ్యే రోజు. ఇద్దరూ పలకని చెరో కొసా పట్టుకుని అరమైలూ మూడుచోట్ల ఆగుతూ తిరిగొచ్చారు. ఇంటికింద ఇరవై మూడు చెక్కలూ దొంతర పెట్టి, పైన నీలం టార్పాలిన్ పట్టా కప్పారు. గాలికి పట్టా కొస లేస్తోంది. క్లోవిస్ పైకెళ్ళి బాన తెచ్చి దానిమీద బోర్లించాడు.

"మాడిన వాసనొస్తోందే" అన్నాడు విల్బర్ట్, కిటికీ కింద గడ్డిలో పడున్న నల్లటి గిన్నెని కాలితో దొర్లిస్తూ.